వెన్నుకు వేసే మత్తు సూది: భయం ఎంత, నిజం ఎంత?

"కాన్పు కష్టంగా ఉంది, ఆపరేషన్ చేయాలి, వెన్నుకు మత్తు సూది వేస్తాము" అని డాక్టరుగారు చెప్పగానే, లోపలున్న గర్భిణి కంటే ముందు బయట బెంచీ మీద కూర్చున్న ఇంటివాళ్ళ ముఖాలు మారిపోతాయి. అప్పటి నుండి ప్రశ్నలు మొదలవుతాయి. "వెన్నుకు సూది వేస్తే జీవితాంతం నడుము నొప్పి ఉంటుందంట కదా సిస్టర్?" అని అత్తమ్మ అడుగుతుంది. "కాళ్ళు పడిపోతాయేమో?" అని తండ్రి అడుగుతాడు. "పూర్తిగా నిద్రపోయేట్టు మత్తు ఇస్తే సరిపోదా?" అని భర్త అడుగుతాడు. "బిడ్డకు కూడా మత్తు ఎక్కుతుందేమో" అని జేజి భయపడుతుంది.

ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. అడిగినందుకు ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. అయితే వీటికి జవాబులు ఆపరేషన్ గది ముందు, హడావుడిలో, సంతకం పెట్టే నిమిషంలో వినేవి కావు. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఇంటిల్లిపాది కూర్చుని నిదానంగా తెలుసుకోవలసినవి. తనకల్లు మండలంలోని పల్లెల నుండి కాన్పు ఆపరేషన్ కోసం కదిరి వైపో, మదనపల్లె వైపో బయలుదేరవలసిన కుటుంబాలకు ఇది మరీ అవసరం. దారిలో పోయిన సమయానికి తోడు, ఆసుపత్రికి చేరాక భయంతో ఇంకో గంట పోగొట్టుకోకూడదు.

ముందుగా ముఖ్యమైన మాట చెబుతాము. ఈ రోజు కాన్పు ఆపరేషన్‌కు ఉన్న మత్తు పద్ధతుల్లో, ఎక్కువమంది తల్లులకు వెన్నుకు వేసే మత్తే క్షేమమైనది. ఆ క్షేమం మూడింటి మీద ఆధారపడి ఉంటుంది: సూది వేసే డాక్టరు నేర్పు, వేసిన తర్వాత తల్లి పక్కనే ఉండి కనిపెట్టి చూసేవాళ్ళు, ఇంటివాళ్ళు దాచకుండా చెప్పే నిజం. మొదటి రెండూ ఆసుపత్రి బాధ్యత. మూడోది మీది.

సూది ఎక్కడ వేస్తారు?

మన మెదడు నుండి వెన్నుపాము అనే నరాల తాడు వెన్నెముక లోపలి గొట్టంలో కిందికి దిగుతుంది. చాలామంది అనుకున్నట్టు అది నడుము చివరిదాకా రాదు. పెద్దవాళ్ళలో మామూలుగా నడుము మొదటి ఎముక, రెండో ఎముక దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుండి కిందికి, పగ్గం చివర విడిపోయిన పోగుల మాదిరి, నరాలు విడివిడిగా నీళ్ళలో తేలుతూ ఉంటాయి.

మత్తు సూది వేసేది ఈ పోగులున్న చోటే. సాధారణంగా నడుము మూడో ఎముకకు, నాలుగో ఎముకకు నడుమనో, నాలుగు, ఐదు ఎముకల నడుమనో వేస్తారు. వెన్నుపాము పైనే ఆగిపోతుంది కాబట్టి సూది దానికి తగలకుండా ఉండేందుకే ఈ చోటును ఎంచుకుంటారు. "వెన్నుపాములో సూది గుచ్చుతారు" అనే మాట సరికాదు.

స్పైనల్, ఎపిడ్యూరల్: రెండూ ఒకటేనా?

రెండూ వెన్నుకే వేస్తారు కాబట్టి మనవాళ్ళు రెండింటినీ "వెన్ను సూది" అనే అంటారు. కానీ తేడా ఉంది.

స్పైనల్ పద్ధతిలో సూది వెన్ను నీరు ఉన్న పొరలోపలికి వెళుతుంది. సూది చాలా సన్నం, అర మిల్లీమీటరు మందమే ఉంటుంది. మందు కూడా కొంచెమే, రెండు మిల్లీలీటర్లకు అటూ ఇటూ. బుపివకెయిన్ అనే మందును ఎక్కువగా వాడతారు. ఐదు, పది నిమిషాల్లో రొమ్ము కింద నుండి కాలి వేళ్ళదాకా తిమ్మిరెక్కుతుంది. ఆపరేషన్‌కు సరిపడే మత్తు గంటన్నర, రెండు గంటలు నిలుస్తుంది. ముందుగా నిర్ణయించిన కాన్పు ఆపరేషన్లలో మన ప్రాంతంలో ఎక్కువగా వేసేది ఇదే.

ఎపిడ్యూరల్ పద్ధతిలో సూది ఆ పొరకు బయటే ఆగుతుంది. సూది కొంచెం లావు. దాని గుండా దారం లాంటి సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని లోపల ఉంచి, సూదిని తీసేస్తారు. గొట్టం ద్వారా అవసరమైనప్పుడల్లా మందు ఇవ్వవచ్చు. నొప్పులు లేని కాన్పు అని పట్టణాల్లో చెప్పేది దీన్నే. ఆపరేషన్‌కు కావలసిన మందు ఎక్కువ, 15 నుండి 20 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. మత్తు ఎక్కడానికి కూడా పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. నొప్పుల కోసం ముందే గొట్టం వేసి ఉన్న తల్లికి ఆపరేషన్ అవసరమైతే, అదే గొట్టం ద్వారా మందు పెంచి ఆపరేషన్ చేయవచ్చు. మళ్ళీ సూది గుచ్చే పని ఉండదు.

ఎపిడ్యూరల్ పద్ధతిని 1921లో ఫిదెల్ పాజెస్ అనే స్పెయిన్ సైనిక వైద్యుడు ప్రపంచానికి తెలిపాడు. స్పైనల్ అంతకంటే పాతది. 1898లో జర్మనీలో ఆగస్ట్ బియర్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. ఆయన తన మీద, తన సహాయకుడి మీద కూడా పరీక్షించుకుని, ఆ తర్వాత తలనొప్పితో రోజుల తరబడి మంచమెక్కాడు. ఆ తలనొప్పి సంగతి కిందికి చెబుతాము.

పూర్తిగా నిద్రపుచ్చితే సులువు కదా?

చూసేవాళ్ళకు అదే సులువుగా అనిపిస్తుంది. కానీ గర్భిణి శరీరం వేరు. కడుపులో బిడ్డ పైకి నొక్కుతూ ఉంటుంది. తిన్న అన్నం, ముఖ్యంగా నొప్పులు మొదలయ్యాక, చాలాసేపు కడుపులోనే నిలిచిపోతుంది. పూర్తి మత్తులో మనిషి దగ్గలేదు, మింగలేదు. కడుపులోని పులుపు నీరు, అన్నం పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ప్రమాదం. 1946లో న్యూయార్క్ డాక్టరు మెండెల్సన్, 1932 నుండి 1945 వరకు తమ ఆసుపత్రిలో జరిగిన 44,016 కాన్పులను పరిశీలించి, వాటిలో 66 మందికి మత్తులో ఇలా జరిగిందని రాశాడు. కాన్పు గదిలో "ఏమీ తినిపించవద్దు" అనే నియమం అప్పటి నుండి బలపడింది.

ఇంకొకటి, గర్భిణుల్లో గొంతు లోపల వాపు ఉంటుంది. ఊపిరి గొట్టం వేయడం మామూలు మనిషి కంటే కష్టం. వెన్నుకు మత్తు వేస్తే తల్లి మెలకువగానే ఉంటుంది, తన ఊపిరి తానే పీల్చుకుంటుంది, తన గొంతును తానే కాపాడుకుంటుంది. బిడ్డకు చేరే మందు కూడా చాలా తక్కువ. బిడ్డ పుట్టగానే ఏడుపు తల్లి చెవిన పడుతుంది. ఆపరేషన్ బల్ల మీదే బిడ్డను రొమ్ము దగ్గర పెట్టవచ్చు.

పూర్తి మత్తు చెడ్డదని దీని అర్థం కాదు. కొన్నిసార్లు అదే తల్లి ప్రాణం కాపాడుతుంది. అందుకే ఆ నిర్ణయాన్ని మత్తు డాక్టరుకు వదలాలి.

మత్తు గురించిన భయాలు, వాదనలు మన నేలకు కొత్త కాదు. 1888లో, మళ్ళీ 1889లో హైదరాబాదులో క్లోరోఫాం మత్తు ఎంత క్షేమమో తేల్చడానికి సంఘాలు కూర్చున్నాయి. నిజాం డబ్బు ఇచ్చాడు, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ముందుండి నడిపాడు. ఆ పనిలో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూన్జీ హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన డాక్టరు. ప్రపంచంలో మత్తు డాక్టర్లుగా పనిచేసిన తొలి మహిళల్లో ఆమెను లెక్కిస్తారు. క్లోరోఫాంలో ముందు ఊపిరే ఆగుతుంది, గుండె కాదు, కాబట్టి ఊపిరిని చూస్తే చాలు అని ఆ సంఘం తేల్చింది. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు క్లోరోఫాం గుండెను కూడా ఉన్నట్టుండి ఆపగలదని నిరూపించాడు. ఊపిరి, గుండె రెండింటినీ చూడాలన్నది అలా తేలింది. ఈ రోజు ఆపరేషన్ గదిలో తల్లి వేలికి తగిలించే క్లిప్పు, చేతికి కట్టే బి.పి. పట్టీ, రొమ్ము మీద అంటించే ఇ.సి.జి. బిళ్ళలు ఆ పనే చేస్తాయి. యంత్రం మోగితే వెంటనే చూసే మనిషి మాత్రం పక్కనే ఉండాలి.

సూది వేసేటప్పుడు ఏం జరుగుతుంది?

ముందు చేతికి సెలైన్ పెడతారు. తల్లిని బల్ల మీద కూర్చోబెట్టో, పక్కకు తిప్పి పడుకోబెట్టో, గడ్డం ఛాతీకి ఆనించి, వీపును వంచమంటారు. వంగితే ఎముకల నడుమ సందు తెరుచుకుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు వంగడం కష్టమే. అందుకే ఒక సిస్టర్ భుజాలు పట్టుకుని ముందు నిలబడుతుంది. నొప్పి వచ్చినప్పుడు చెబితే ఆగుతారు. కదలకుండా ఉండటమే తల్లి చేయవలసిన పని.

వీపును మందుతో బాగా శుభ్రం చేసి, పైన ముందుగా చిన్న సూదితో చర్మానికి మత్తు ఇస్తారు. తర్వాత అసలు సూది. కాళ్ళు వెచ్చబడి, బరువెక్కి, కదలకుండా పోతాయి. ఆపరేషన్ మొదలుపెట్టే ముందు కడుపు మీద గిల్లి, చల్లని దూది తాకించి మత్తు ఎక్కిందా అని పరీక్షిస్తారు. లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది గానీ కోసే నొప్పి తెలియకూడదు. నొప్పి తెలిస్తే తల్లి వెంటనే చెప్పాలి. ఓర్చుకోవడం మంచితనం అనుకోకూడదు. కొద్దిమందిలో మత్తు చాలినంత ఎక్కదు. అప్పుడు మందు మార్చడమో, మళ్ళీ వేయడమో, పూర్తి మత్తు ఇవ్వడమో చేస్తారు. అది ఎవరి తప్పూ కాదు.

ఏ ఇబ్బందులు రావచ్చు?

దాచకుండా చెబుతాము. ఏ మందైనా, ఏ సూదైనా నూటికి నూరు పాళ్ళు ప్రమాదం లేనిది కాదు.

తరచుగా కనిపించేవి:

- బి.పి. పడిపోవడం. దీనివల్ల కళ్ళు తిరిగినట్టు, వాంతి వచ్చినట్టు అవుతుంది. అందుకే సూది వేసిన వెంటనే తల్లిని ఎడమ పక్కకు కొంచెం వాల్చి, సెలైన్, బి.పి. పెంచే మందు ఇస్తారు. మొదటి నిమిషాల్లో బి.పి. మళ్ళీ మళ్ళీ చూసేది ఇందుకే.
- ఒళ్ళు వణకడం, కొన్ని మందుల వల్ల దురద. ఇవి వాటంతటవే తగ్గుతాయి.
- మూత్రం పోస్తున్నది తెలియకపోవడం. అందుకే గొట్టం వేస్తారు.

అప్పుడప్పుడు కనిపించేది తలనొప్పి. సూది చేసిన సన్నని రంధ్రం గుండా వెన్ను నీరు కారడం వల్ల వస్తుంది. ఆగస్ట్ బియర్‌కు వచ్చింది ఇదే. సన్నని, పెన్సిల్ ములుకు లాంటి కొన ఉన్న సూదులు వచ్చాక స్పైనల్ తర్వాత ఇది నూటికి ఒకరి దరిదాపుకు తగ్గింది. ఎపిడ్యూరల్ సూది లావు కాబట్టి అది పొరను పొరపాటున చీల్చితే తలనొప్పి గట్టిగా వస్తుంది. దీని గుర్తు ఏమిటంటే, లేచి కూర్చుంటే ఎక్కువవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో మొదలై, రెండు వారాల లోపల తగ్గిపోతుంది. తగ్గకపోతే తల్లి చేతి నుండి తీసిన ఆమె రక్తాన్నే కొంచెం వెన్నులో ఆ రంధ్రం దగ్గర ఎక్కించే చికిత్స ఉంది. దిండు లేకుండా రోజంతా పడుకోబెడితే ఈ తలనొప్పి రాదనే నమ్మకానికి ఆధారం లేదు.

చాలా అరుదైనవి: మత్తు మరీ పైకి ఎక్కి ఊపిరి ఇబ్బంది కావడం, ఎపిడ్యూరల్ మందు రక్తనాళంలోకి పోవడం, వెన్నులో చీము లేక రక్తం గడ్డకట్టడం, నరం దెబ్బతినడం. బ్రిటన్‌లో మత్తు డాక్టర్లు ఏడు లక్షలకు పైగా వెన్ను మత్తులను లెక్కించి 2009లో ఫలితాలు ప్రకటించారు. అందులో కాన్పుల కోసం వేసినవి మూడు లక్షల ఇరవై వేలు. వాటిలో శాశ్వతంగా నష్టం జరిగింది, ఎంత కఠినంగా లెక్కవేసినా, ఎనభై వేల మందిలో ఒకరికి. ఇవి అక్కడి లెక్కలు, అక్కడి వసతులతో వచ్చినవి. కానీ "కాళ్ళు పడిపోతాయి" అనే భయం ఎంత పెద్దదో, ఆ ప్రమాదం ఎంత అరుదైనదో తెలుసుకోవడానికి ఉపయోగపడతాయి.

ఆ భయానికి ఒక చరిత్ర కూడా ఉంది. 1947లో ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్‌లో ఒకే రోజు, ఒకే ఆసుపత్రిలో స్పైనల్ వేయించుకున్న వూలీ, రో అనే ఇద్దరు మగవాళ్ళకు కాళ్ళు పడిపోయాయి. కేసు కోర్టుకెక్కి పత్రికల్లో వచ్చాక, ఆ దేశంలో ఏళ్ళ తరబడి స్పైనల్ అంటేనే జనం జంకారు. సూది గుచ్చడం వల్ల కాక, మందులోకో, వాడిన సూది సిరంజిల్లోకో చేరిన రసాయనం వల్ల ఆ నష్టం జరిగిందని తర్వాత పరిశీలించినవాళ్ళు చెప్పారు. ఈ రోజు సూది, సిరంజి ఒక్కసారి వాడి పారేసేవి. అయినా జాగ్రత్త తగ్గకూడదు. రక్తస్రావం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ మందు సీసా, మత్తు మందు సీసా ఒకే మాదిరి ఉండి పొరపాటున వెన్నుకు ఎక్కిన ఘటనలు జరిగాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిపై హెచ్చరిక ఇచ్చింది. మంచి ఆపరేషన్ గదిలో సీసా మీది పేరును పైకి చదివి, ఇంకొకరితో సరిచూసుకుని మందు తీసేది ఇందుకే.

నడుము నొప్పి సంగతేమిటి?

సూది గుచ్చిన చోట రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకొన్ని రోజులు నొప్పి ఉండవచ్చు. దెబ్బ తగిలిన చోట ఉన్నట్టు ఉంటుంది, పోతుంది. కానీ నెలలు, ఏళ్ళ తరబడి ఉండే నడుము నొప్పికి ఈ సూదే కారణం అనడానికి ఆధారం దొరకలేదు. వెన్ను సూది వేయించుకున్నవాళ్ళనూ, వేయించుకోనివాళ్ళనూ పోల్చి చూసినప్పుడు, దీర్ఘకాలం నొప్పి ఇద్దరిలోనూ దాదాపు సమానంగానే కనిపించింది.

మరి నొప్పి ఎందుకు వస్తుంది? కడుపుతో ఉన్నప్పుడు నడుము కీళ్ళు, కట్లు వదులవుతాయి. తొమ్మిది నెలలు బరువు ముందుకు లాగుతుంది. కాన్పయ్యాక తల వంచుకుని, నడుము వంచుకుని పాలివ్వడం, బిందెలు మోయడం, శెనక్కాయ చేలో వంగి కలుపు తీయడం, బలం లేని తిండి, ఇవన్నీ కలిసి నడుమును పట్టేస్తాయి. "ఆ సూది వల్లే" అని ఊరుకుంటే అసలు కారణం మిగిలిపోతుంది. బాలింతకు ఆరు వారాలు బరువు పనులు తప్పించండి. పాలిచ్చేటప్పుడు వీపుకు ఆనుడు పెట్టండి.

మన ప్రాంతం వాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవలసినవి

ఫ్లోరైడ్ నీళ్ళు. అనంతపురం మెట్ట భూముల్లో బోర్లు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. దీనివల్ల వచ్చే జబ్బును మన దేశంలో మొదట 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి రాశారు. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవాళ్ళలో పళ్ళ మీద మరకలే కాక, కొందరికి వెన్నెముక బిగుసుకుపోతుంది, కట్లు ఎముకలా గట్టిపడతాయి. అలాంటి వీపులో సూదికి సందు దొరకడం కష్టం. చిన్న వయసు తల్లుల్లో ఇంతదాకా రావడం తక్కువే. అయినా వంగలేకపోవడం, మెడ తిప్పలేకపోవడం, నడుము బిగుసుకోవడం ఉంటే నెల నెలా చూపించుకునేటప్పుడే చెప్పండి. మత్తు డాక్టరు ముందే వీపు చూసుకుని ఏ పద్ధతి మంచిదో ఆలోచించుకుంటారు.

రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువ. అదే సర్వేలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్‌తో జరిగినట్టు తేలింది. ఈ రెండు లెక్కలూ కలిపి చూడండి. రక్తం తక్కువున్న తల్లి బి.పి. పడిపోవడాన్ని, రక్తం పోవడాన్ని తట్టుకోలేదు. ఐరన్ మాత్రలు మానకుండా మింగించడం, రాగి సంగటితో పాటు ఆకుకూర, పప్పు, గుడ్డు పెట్టడం మత్తు క్షేమంలో కూడా భాగమే.

బెంగళూరు కాగితాలు. పనుల కోసం బెంగళూరు పోయిన బిడ్డలు కాన్పుకు పుట్టింటికి వస్తారు. అక్కడి స్కానింగు, రక్తపరీక్షలు, మందుల చీటీలు అక్కడి గదిలోనే ఉండిపోతాయి. రాత్రి రెండు గంటలకు ఆసుపత్రికి వచ్చి "అన్నీ బాగానే ఉన్నాయని చెప్పారు" అంటే మత్తు డాక్టరుకు చాలదు. బిడ్డ బస్సెక్కేటప్పుడు గుడ్డలతో పాటు ఆ కాగితాల సంచి కూడా రావాలి.

ముందే తప్పక చెప్పవలసినవి

కింది వాటిలో ఏది ఉన్నా, అడగకపోయినా చెప్పండి. కొన్నిటిలో వెన్ను సూది వేయకూడదు, కొన్నిటిలో మరింత జాగ్రత్తగా వేయాలి.

- రక్తం పలచబడే సూదులు, మాత్రలు వాడుతుంటే, చివరిసారి ఏ గంటకు వేసుకున్నారో
- దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగకపోవడం, ప్లేట్‌లెట్లు తగ్గడం
- బి.పి. పెరిగి కాళ్ళు, ముఖం వాచడం, ఫిట్స్
- గుండె కవాటాల జబ్బు, చిన్నప్పుడు కీళ్ళ వాపు జ్వరం
- వీపు మీద పుండ్లు, జ్వరం
- వెన్నెముకకు టి.బి., వెనక ఆపరేషన్, ప్రమాదం
- ఇంతకుముందు మత్తులో ఇబ్బంది, ఏ మందైనా పడకపోవడం
- నాటు మందు, పసరు, ఏదైనా సరే

నాటు మందు సంగతి చెబితే తిడతారని చాలామంది దాస్తారు. చెప్పండి. తెలియని మందే ప్రమాదం.

అన్నిటికంటే ముఖ్యమైనది తిండి. ముందుగా నిర్ణయించిన ఆపరేషన్ అయితే మామూలుగా ఆరు గంటల ముందు నుండి అన్నం, టిఫిను, పాలు, బిస్కట్లు ఉండకూడదు. మాంసం, నూనె వంటలకు ఇంకా ఎక్కువ గడువు కావాలి. మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. మీ ఆసుపత్రిలో చెప్పిన సమయమే పాటించండి. "బిడ్డ నీరసించింది" అని కొంగు చాటున కాఫీ, బన్ను పెట్టే ప్రేమను మేము ఎన్నోసార్లు చూశాము. వెన్ను మత్తు చాలక పూర్తి మత్తు అవసరమైతే ఆ బన్నే ప్రాణం మీదికి తెస్తుంది. ఒకవేళ తినిపించి ఉంటే ఏ గంటకు, ఏమి పెట్టారో చెప్పండి. చెబితే ఎవరూ ఆపరేషన్ మానేయరు, దానికి తగ్గ జాగ్రత్త తీసుకుంటారు.

సంతకం గురించి

సమ్మతి పత్రం మీద మొదటి హక్కు తల్లిదే. మేజరై, తెలివిలో ఉన్న స్త్రీకి చేసే చికిత్సకు ఆమె సమ్మతే కావాలని, ఆమె బదులు కన్నతల్లి ఇచ్చినా చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణాపాయం ఉన్న అత్యవసరం ఒక్కటే దీనికి మినహాయింపు. కాబట్టి మత్తు గురించి చెప్పేటప్పుడు ఆమెకు వినబడేలా, ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పమని అడగండి. ఆమె ప్రశ్నలు ఆమెను అడగనివ్వండి.

ఆసుపత్రుల్లో ఇంటివాళ్ళ సంతకం కూడా తీసుకుంటారు. ఇక్కడే సమయం పోతుంది. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతున్నప్పుడు, బెంగళూరులో ఉన్న మామగారికి ఫోను కలవాలని, ఊళ్ళో పెద్దమనిషిని అడగాలని గడిపే ప్రతి నిమిషమూ బిడ్డదే. అనుమానాలు తీర్చుకోవలసింది ఎనిమిదో నెలలో. ఇంట్లో అందరూ ముందే మాట్లాడుకుని, "అవసరమైతే ఆపరేషన్, డాక్టరు చెప్పిన మత్తు" అని ఒక నిర్ణయానికి వచ్చి ఉండండి. రక్తం ఇవ్వగలిగిన ఇద్దరిని కూడా ముందే అనుకుని పెట్టుకోండి.

మీరు అడగదగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి. మత్తు ఎవరు ఇస్తారు? ఆపరేషన్ అయిపోయేదాకా ఆయన లోపలే ఉంటారా? ఆక్సిజన్, ఊపిరి గొట్టం, బి.పి. మందులు సిద్ధంగా ఉన్నాయా? మర్యాదగా అడిగితే మంచి డాక్టరు ఎవరూ నొచ్చుకోరు.

ఆపరేషన్ తర్వాత

కాళ్ళ కదలిక మామూలుగా రెండు నుండి నాలుగు గంటల్లో తిరిగి వస్తుంది. అప్పటిదాకా కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సీసా, కుంపటి, కాపడం పెట్టవద్దు. తిమ్మిరెక్కిన కాలికి కాలుతున్నది తెలియదు, బొబ్బలెక్కుతాయి. మొదటిసారి మంచం దిగేటప్పుడు సిస్టర్‌ను పిలవండి. పాలు వెంటనే పట్టించవచ్చు, ఈ మత్తు దానికి అడ్డు కాదు.

"బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇస్తే పొట్ట జారుతుంది" అని గొంతు తడిపేంత నీళ్ళే ఇచ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అది మంచిది కాదు. సిస్టర్ తాగవచ్చని చెప్పిన తర్వాత దాహం తీరా తాగనివ్వండి. పాలకూ, తలనొప్పి తగ్గడానికీ నీళ్ళు కావాలి.

కింది గుర్తులు కనిపిస్తే ఆసుపత్రిలో ఉంటే వెంటనే సిస్టర్‌కు చెప్పండి, ఇంట్లో ఉంటే 108కి ఫోను చేయండి:

- ఆరు గంటలు దాటినా కాళ్ళు కదలకపోవడం, లేదా వచ్చిన కదలిక మళ్ళీ పోవడం
- వీపులో తీవ్రమైన నొప్పి, జ్వరం, సూది చోట చీము
- మూత్రం, మలం మీద అదుపు తప్పడం
- జ్వరంతో తలనొప్పి, మెడ బిగుసుకోవడం
- తలనొప్పితో కళ్ళు మసకబారడం, పై కడుపులో నొప్పి, ఫిట్స్

చివరిది బాగా గుర్తుంచుకోండి. కాన్పు తర్వాత కొన్ని రోజులకు, ఒక్కోసారి వారాలకు కూడా బి.పి. పెరిగి ఫిట్స్ రావచ్చు. "వెన్నుకు సూది వేశారు కదా, ఆ తలనొప్పేలే" అని అమృతాంజనం రాసి పడుకోబెట్టకండి. ముందు బి.పి. చూపించండి. లేచినా పడుకున్నా ఒకే మాదిరి ఉండే తలనొప్పికి కారణం వేరే ఉండవచ్చు.

ఈ పుస్తకాన్ని ఇంట్లో చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించండి. వచ్చే నెల చూపించుకోవడానికి వచ్చేటప్పుడు మీ అనుమానాలను ఒక కాగితం మీద రాసుకుని తెండి. ఎంత చిన్న అనుమానమైనా అడగండి. అప్పుడు ఆపరేషన్ గది ముందు మీరు చేయవలసిన పని తక్కువగా ఉంటుంది. లోపలికి వెళ్ళే మీ బిడ్డ కూడా కొంచెం ధైర్యంగా వెళుతుంది.